నీలిమందు పంచె

నాకు ఈత వచ్చన్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి నుంచీ డైరీ రాసే అలవాటున్నా, ఎవరి చేతికైనా చిక్కుతుందేమోనన్న భయంతో అందులోనూ రాయలేదు. మొన్న ఆదివారం నరసరావుపేటలో మా ఇంటికొచ్చిన అన్నయ్య కూతురు, ఈత క్లాసులో చేరానని గొప్పలు చెబుతూ, "అత్తా, నీకు నీళ్ళంటే భయమంట కదా, నాన్న చెప్పాడు" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అది వెళ్ళాక మాత్రం అలమర పై అరలో పాత చున్నీలో చుట్టి దాచిన చిన్న డిజిటల్ కెమెరాని తీసి చూశాను. బ్యాటరీ ఉబ్బిపోయింది. లోపలి కార్డు మాత్రం పదిలంగానే ఉంది.

ఫోన్లలో ఫోటోలు ఇంకా మసకమసగ్గా వచ్చే రోజుల్లో చదువుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంటికో కెమెరా ఉండటమంటే ఎంత అపురూపమో, పెళ్ళికో పేరంటానికో దాన్ని బయటికి తీసి, పని కాగానే మెత్తటి సంచీలో పెట్టి మళ్ళీ బీరువాలో ఎలా దాచేవాళ్ళమో. మా అన్నయ్య మొదటి జీతంతో కొన్నది ఇంకా విశేషం, నీళ్ళలో ముంచినా పాడవదు. ఆ వేసవి సెలవుల్లో ఊరంతా చూపించి, ఉద్యోగానికి తిరిగి వెళ్తూ నాకు అప్పగించి వెళ్ళాడు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నేను, చదవడానికి ఇంట్లో కొత్త పుస్తకమేదీ లేక, కెమెరాతో పాటు వచ్చిన సూచనల పుస్తకాన్నే నవల చదివినట్టు అట్ట నుంచి అట్ట దాకా చదివేశాను.

మాది గురజాల దగ్గర పల్లె. మేమూ పెదనాన్న వాళ్ళూ పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా మేనత్త, అంటే నాన్నకీ పెదనాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు, మావయ్య చిన్న వయసులోనే పోవడంతో పుట్టింటికి వచ్చేసి మా ఇంట్లోనే ఉండేది. చిన్నప్పుడు అన్నలిద్దరినీ ఓడించేలా ఈదేదట. మావయ్య పోయాక ఆవిడ గట్టిగా నవ్వినా పెదనాన్నకి నచ్చేది కాదు, ఇక ఈత మాట ఎక్కడిది? అయినా ఎండాకాలం మధ్యాహ్నాలు మగవాళ్ళు అన్నాలు తిని కునుకు తీసే వేళ, బట్టలుతికే వంకతో నన్ను వెంటేసుకుని మా చేలోని రాతి బావికి వెళ్ళేది. నా వీపుకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి, మెట్ల మీంచి దింపి, ఈత నేర్పింది ఆవిడే. మా వైపు పొలాల్లో ఒక వాడుక ఉండేది. బావి గట్టున తెల్లబట్ట కట్టి ఉంటే లోపల ఆడవాళ్ళున్నారని గుర్తు, అది చూస్తే ఎంతటి మగవాడైనా దూరం నుంచే మళ్ళిపోయేవాడు. అత్త ప్రతిసారీ నాన్న పంచె ఒకటి తెచ్చి మోటారు పైపుకి కట్టేది.

ఆ వేసవిలోనే చేలో బోరు పడింది. ఇక బావితో పనేముంది, వానలు రాకముందే పూడ్పించేస్తానన్నాడు పెదనాన్న. అత్త ఆ పూట అన్నం సరిగా తినలేదు. బావి పోతే ఆవిడకి ఈదడానికి ఇంకెక్కడా చోటుండదు, ఒకప్పుడు అంత బాగా ఈదేదన్న ఆనవాలు కూడా మిగలదు. ఒక్క ఫోటో తీసి ఉంచుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుంది. నేరుగా అడగడానికి సిగ్గేసి, నీళ్ళ అడుగున ఫోటోలు తీయడం గురించి రాసిన పేజీ ఆవిడ పక్కన కూర్చుని పైకి చదివాను. కాసేపు విని, "నీళ్ళ కిందైతే తీసుకో. పైన మాత్రం తీయబాక" అంది.

మంచి వెలుతురు కోసం ఆ రోజు అన్నాల వేళ కంటే ముందే వెళ్ళాం గానీ, పుస్తకంలో చదివినంత తేలిక కాదని బావిలోకి దిగాక తెలిసింది. చేప బొమ్మ ఉన్న అమరిక పెట్టి మొదట ఫ్లాష్ వేస్తే, నీళ్ళలోని నలుసులన్నీ మెరిసి ఎవరో పిండి జల్లించినట్టు వచ్చింది. ఫ్లాష్ ఆపితే చీకటి. వెలుతురు ఎక్కువ పట్టడానికి ఐఎస్ఓ పెంచితే బొమ్మంతా ఇసుక రాలినట్టు గరుకు. సూర్యుడు నడినెత్తికొచ్చి ఎండ నిట్టనిలువుగా బావిలో దిగేదాకా ఆగి తీస్తే వెలుతురైతే సరిపోయింది గానీ, రంగు మాత్రం అంతా ఆకుపచ్చే. అత్త తెరలోకి తొంగి చూసి, "ఏందే ఇది, నన్ను కప్పని చేశావు!" అని బావి మోగేలా నవ్వింది.

దానికీ పుస్తకంలో ఉపాయం ఉంది. అవే నీళ్ళలో ఒక తెల్లటి వస్తువుని కెమెరాకి చూపించి, తెలుపంటే ఇదీ అని నేర్పాలి. నాది ఎర్ర చున్నీ, అత్తది ముదురు రంగు చీర. ఉన్న తెలుపల్లా పైన కట్టిన పంచె. అత్త చకచకా మెట్లెక్కి, "ఇదుండగా ఎతుకులాటేందే" అంటూ దాన్ని విప్పుకొచ్చి, నీళ్ళలో నిండుగా పరిచి పట్టుకుంది. నేను కెమెరాకి తెలుపు నేర్పాను. గట్టున ఇక గుర్తు లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కెమెరా అమరిందో లేదో, పైన కిర్రుచెప్పుల చప్పుడు, వెనకే పెదనాన్న దగ్గు. అత్త ఒక్కసారి ఖాళీ పైపు వంక చూసి, పంచెతో సహా చప్పుడు లేకుండా మునిగిపోయింది.

"ఎవురే బాయిలో?"

"నేనే పెదనాన్నా. కెమెరా కడుగుతున్నా."

"కెమెరాని కడుగుతారంటే! గట్టు మీద రెండు జతల చెప్పులేంది?"

"అత్తవి కూడా కడుగుదామని తెచ్చా."

"కెమెరా కడుగుద్దంట, చెప్పులు కడుగుద్దంట! పుస్తకాలు మానేసి కాస్త మనుషుల్లో పడవే. ఆ మెట్టు దిగబాక, మునిగిపోతావు" అని గొణుక్కుంటూ, ఆయన వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మెడలోతు నీళ్ళలో ముంచి పట్టుకున్న కెమెరా మీద నా వేలు తనంతట తనే నొక్కుకుంది.

అడుగులు దూరమయ్యాక అత్త పైకి తేలి, రొప్పుతూ, నవ్వుతూ మెట్టు మీద కూలబడింది. ఇద్దరం కలిసి తెర చూశాం. బుగ్గలు పూరించి, జుట్టంతా విచ్చుకుని, చుట్టూ పంచె తెరచాపలా తేలుతుండగా అత్త అడుగున నిలబడి ఉంది. పంచె తెల్లగా ఉంది. అత్త మొహం, మెడ, చేతులు మాత్రం మంగళస్నానానికి కూర్చోబెట్టి నలుగు పెట్టినట్టు నిండు పసుపు. మా అమ్మ పంచెలకి నీలిమందు దండిగా పెడుతుంది. ఆ నీలాన్నే తెలుపనుకున్న కెమెరా, నీలం విరగడానికి అన్నిటి మీదా పసుపు గుమ్మరించింది. ఇదంతా నేను తర్వాత పుస్తకం తిరగేసి తెలుసుకున్నదే. మావయ్య పోయాక పసుపు ముట్టని అత్త, ఆ బొమ్మని చూస్తూ తన చెంప మీద వేలితో రాసి, ఆ వేలి వంక చూసుకుంది.

"ఎవురికీ చూపించబాకే పిల్లా. అట్టాగని తుడిపెయ్యబాక" అంది.

వానలకి ముందే ట్రాక్టర్లతో మట్టి తోలి బావి పూడ్చేశారు. ఇప్పుడక్కడ మిరప వేస్తున్నారు. ఫోటోని కాగితం మీద వేయించలేదు, వేయిస్తే స్టూడియో ఆయన చూస్తాడు కదా. కొన్నేళ్ళకి అత్తకి జబ్బు చేసి నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తనంతట తనే అడిగితే కెమెరా తీసుకెళ్ళి చూపించాను.

ఇప్పుడు ఫోన్ దానంతటదే రంగులన్నీ సరిచేసేస్తుంది. అలాంటి ఫోనే ఆరోజు నా చేతిలో ఉంటే అత్తని చక్కగా, ఉన్న రంగులోనే చూపించేది, ఆ పసుపు మాత్రం నాకు దొరికేది కాదు. ఆడపిల్లలు పగలే, అందరూ చూస్తుండగా ఈత నేర్చుకుంటున్నారు, గుర్తుగా తెల్లబట్ట కట్టనక్కర్లేదు. అది చూస్తే సంతోషంగా ఉంటుంది. వచ్చే ఆదివారం నా మేనకోడలి చేతిలో ఈ కార్డు పెట్టాలనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట ఎత్తడానికి నా సిగ్గే అడ్డొచ్చింది గానీ, అత్త ఆసుపత్రి మంచం మీద ఆ బొమ్మని తనివితీరా చూసుకుని, కెమెరా నా ఒళ్ళో పెట్టి, నాతో అన్న ఆఖరి మాట ఇది:

"ఇంక దాచింది చాల్లేవే. మా అత్త చానా బాగా ఈదేదని చెప్పుకో."