నాలుగు మూలల నల్ల సిరా

మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మధురైలో తూత్తుక్కుడి బండి ఎక్కాను. నేను ఉద్యోగం విడిచిపెట్టి రెండేళ్లయినా పటాలం నన్ను విడిచిపెట్టలేదు. రికార్డు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక, ఎక్కడ కాగితం చిక్కుకుపోయినా పై అధికారులకు నా పేరే గుర్తుకొస్తుంది.

ఈసారి చిక్కు ఇది. పటాలం చాలా పెద్దది. ఒక ఆఫీసుకు తెలిసిన సంగతి ఇంకొక ఆఫీసుకు తెలియదు. సిపాయి పెషావరులో ఉంటే అతని కాగితాలు బెంగళూరులో పడివుంటాయి. ఈ లోపం పోవడానికి సర్వీసులో ఉండగా నేనొక కార్డు పద్ధతి ఏర్పరిచాను. సిపాయికొక కార్డు. అది వరసగా నాలుగు ఆఫీసులు తిరుగుతుంది. ప్రతి ఆఫీసూ వివరాలు ఎత్తి రాసుకుని, గుర్తుగా ఒక మూలకు నల్ల సిరా పూస్తుంది. నాలుగు మూలలూ నల్లబడితే నాలుగు ఆఫీసులకూ సంగతి తెలిసినట్టే. చదువురాని బంట్రోతు కూడా చూసి చెప్పగలడు.

నేను ఉద్యోగ విరమణ చేశాక పైవాళ్లు దానికొక తోక తగిలించారు. నాలుగో ఆఫీసు దాటిన కార్డును సిపాయి ఇంటికి తపాలాలో పంపాలి. ఇంటివాళ్లు ఊరి పేరు, దగ్గరి బంధువు పేరు సరిచూసి తిప్పి పంపాలి. కోవిల్‌పట్టి వైపు నుంచి ఒక్క కార్డూ తిరిగి రాలేదు. గుమాస్తాలకు శిక్షణ చాలదు, వెళ్లి నేర్పి రమ్మని నాకు ఉత్తరువు.

బండిలో ఎదురుగా విరుదునగర్ మిరపకాయల దళారి కూర్చున్నాడు. నా పని ఏమిటో అడిగి, విని, నవ్వాడు.

"మా మండీలో మిరప ధర మారితే ఈ బండి కంటే ముందు తూత్తుక్కుడి చేరుతుంది. మాకు ఎవరు నేర్పారు సార్?"

"మీకు నష్టం వస్తుందన్న భయం ఉంది. మా గుమాస్తాలకు అదీ లేదు" అన్నాను.

ఎనిమిది ఇరవై అయిదుకు విరుదునగర్‌లో దిగాను. అటు వెళ్లేవారికి ఒక మాట: స్టేషనులో కాఫీ తాగకండి, బయటికి వచ్చి ఎడమ పక్కనున్న హోటల్లో ఇడ్లీ తినండి. బస స్టేషను దగ్గరి సత్రంలో. గది శుభ్రమే కాని మిరప ఘాటుకు తుమ్ములు ఆగవు.

కార్డు తిరిగే వరసలో మూడోదైన అక్కడి ఆఫీసులో పది గంటలకు పాఠం మొదలుపెట్టాను. ఆరుగురు గుమాస్తాలు, ఆరు బల్లలు, ఆరు తాళాలు. ప్రతివాడూ తన రిజిస్టరును సొరుగులో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పక్కవాడి రిజిస్టరులో ఏముందో తెలియదు. అడిగితే, "అది ఆయన సెక్షన్ సార్" అంటారు. పదిహేనేళ్లుగా ఒకే గదిలో కూర్చున్నవాళ్లు! మధ్యాహ్నం దాకా తాళాలు తీయించడంతోనే సరిపోయింది.

మూడు గంటలకు నటరాజన్ అనే చిన్న గుమాస్తా లేచి నిలబడ్డాడు. "అయ్యా, మూలలకు నల్ల సిరానే పూయాలా? నీలం పూస్తే కాదా?"

నాకు ఒళ్లు మండింది. రిజిస్టరుకు తాళం వేసి దాచుకునే మనిషి సిరా రంగు గురించి ప్రశ్న వేస్తాడా? నిబంధన నంబరుతో సహా రెండుసార్లు చదివి వినిపించి కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం డైరీలో, "ఒక గుమాస్తా సిరా గురించి పనికిమాలిన ప్రశ్న వేశాడు" అని రాసుకున్నాను.

బుధవారం ఏడింటి బండికి బయలుదేరి ఎనిమిది యాభైకి కోవిల్‌పట్టి చేరాను. దారి పొడుగునా నల్లరేగడి, పత్తి చేలు, మధ్య మధ్య తుమ్మచెట్లు. వరసలో నాలుగోదైన అక్కడి ఆఫీసు మూడు గదుల పెంకుటిల్లు. పెద్ద గుమాస్తా సుబ్బయ్య ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే, అయినా ఆఫీసులో నాతో తమిళమే మాట్లాడాడు. పంపిన కార్డుల లెక్క అడిగాను. రెండు నెలల్లో పదకొండు. తిరిగి వచ్చినవి లేవు. ఎందుకని అడిగితే నేలచూపులు చూశాడు.

పదకొండు గంటలకు ఒక ముసలి తెలుగు రైతు గుమ్మంలోకి వచ్చాడు. గెడ్డం మాసింది. పేరు అళగిరి, కళుగుమలై దగ్గర పల్లె. ఆయనను చూడగానే సుబ్బయ్య తెలుగులోకి దిగాడు. "రా పెద్దాయనా, ఏం కావాల?"

"మా కొడుకు కొండసామి టోపీ, చొక్కాయి, ఏదన్నా పంపించినారా సామీ? రేపు పదారో దినం. పెట్టి దండం పెట్టుకునేదానికి వాడిది ఏమీ లేదు."

నాకు అర్థం కాలేదు. కొండసామి పేరు నా సంచిలోని జాబితాలో ఉంది. తీసి చూశాను. పోయిన వారం వచ్చిన జాబితా: సరిహద్దు రోడ్డు పనిలో ఉన్నాడు, ఆరోగ్యం బాగుంది.

"మీ వాడు బతికే ఉన్నాడు. చనిపోయాడని ఎవరు చెప్పారు?"

"పట్టాళమే కదా సామీ చెప్పింది! తపాలాయన గడప ఎక్కలేదు. వీదిలోనే నిలబడి, పట్టాళం నుంచి, కొండసామి పేరు, అని అరుగు మింద పెట్టి పొయ్యినాడు. నాలుగు మూలలూ నలుపు. ఇంక చదివేదానికి ఏముండాది? బయటనే చించి పారేసి తలకి పోసుకుంటిమి."

చావు కబురు ఉత్తరానికి మూలలు నల్లగా పూస్తారని, దాన్ని ఇంట్లోకి తీసుకుపోరని, చించేసి స్నానం చేస్తారని నాకు తెలియనిది కాదు. మా ఇంటికీ అలాంటివి వచ్చాయి. కాని ఆఫీసులో ఉన్నన్నాళ్లూ కార్డు నాకు కార్డులాగే కనిపించింది. ఇంటి అరుగు మీద పడితే అది ఉత్తరం అవుతుందని తోచలేదు.

సుబ్బయ్య వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"మొదటి కార్డుకు నాలుగో మూల పూసినప్పుడే అనుకున్నాను అయ్యా."

"మరి రాయలేదేం?"

"పైనుంచి వచ్చిన ఉత్తరువు కదా. అడిగినదానికి జవాబు రాయమని ఉంది. అడగనిది చెప్పమని ఎక్కడా లేదు."

కోపం వచ్చింది కాని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు తెల్లవారితే పదహారో రోజు కర్మలో కోడలి తాళి తీసేస్తారు. పాఠం ఆపేశాను. మిగిలిన పది ఇళ్ల పేర్లు రాసి నలుగురు గుమాస్తాలకు పంచి, సైకిళ్ల మీద పొమ్మన్నాను. "ఏ సెక్షన్ అని అడిగినవాడు మళ్లీ ఈ ఆఫీసుకు రానక్కరలేదు" అని కూడా చెప్పాను.

పన్నెండుకు అళగిరితో బస్సు దగ్గరికి వెళ్లాను. డ్రైవరు చక్రానికి తల ఆనించి వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఒంటిగంటన్నరదాకా రావుకాలం సామీ. బండి తియ్యను."

"ఒక మనిషి బతికి ఉన్నాడన్న కబురయ్యా ఇది!"

"అట్లయితే ఇంకా మంచి గడియలోనే పోవాల" అని కళ్లు మూసుకున్నాడు.

అళగిరి కూడా తల ఊపాడు. తొంభై నిమిషాలు ఆ ఎండలో కూర్చున్నాను. కళుగుమలై చేరేసరికి రెండు నలభై. అక్కడినుంచి ఎద్దుబండి. పల్లెలో దిగేసరికి మూడున్నర.

పందిరి వేసి ఉంది. బంధువులు మూగి ఉన్నారు. అళగిరి కేక వేసి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అళగిరి భార్య నా ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఆ దినం సచ్చినాడని కాయితం. ఈ దినం బతికినాడని మనిషి. ఏది నమ్మాలబ్బా మేము?"

జాబితా తీసి చదివాను. ఆమె దాన్ని చూడనేలేదు. గోడవారన కూర్చున్న కోడలు గురువమ్మ మొదటిసారి తలెత్తింది. "ఆ కార్డుకి నలుపు పూసింది ఎవురు?"

ఎవరో గుమాస్తా అని చెప్పవచ్చు. నిజానికి పూసింది గుమాస్తాలే.

"పూయమని రాసింది నేనే తల్లీ. నాలుగు ఆఫీసులు చూసినట్టు గుర్తు. అంతే, వేరే ఏమీ లేదు."

"ఇంత చదువుకున్నోడివి, నీ ఇంటికి ఎప్పుడూ సావు జాబు రాలేదా?" అంది అత్త.

సంచిలోంచి కొత్త కార్డు తీసి, కొండసామి క్షేమంగా ఉన్నాడని, ఆ పల్లెలో చదవగలిగేది తమిళమే కనుక తమిళంలో రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమె అందుకోలేదు. మర్నాటి తంతుకని కోడలికోసం నూరి పెట్టిన పసుపు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"మసి పూసిన చెయ్యే పసుపు పూయనీ."

నాలుగు మూలలా పూశాను. అప్పుడు గురువమ్మ లేచి వచ్చి రెండు చేతులతో తీసుకుని ఇంట్లోకి వెళ్లింది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు విని ముసలామె నవ్వింది. నాకు మజ్జిగ ఇచ్చారు, రెండు లోటాలు తాగాను.

ఆరు గంటలకు కోవిల్‌పట్టి చేరేసరికి గుమాస్తాలు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ఆరు ఇళ్లకు కార్డు వెనకాలే కొడుకుల చేతి ఉత్తరాలు వచ్చాయి కనుక తిట్టి ఊరుకున్నారట. మూడిళ్లలో తలకు పోసుకుని ఏడుస్తున్నారట. ఒక ఇంట్లో తాళి తీసి నెల అయిందని చెప్పి సుబ్బయ్య సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ సిపాయికి వెంటనే సెలవు ఇచ్చి పంపమని పటాలానికి తంతి కొట్టించాను. మర్నాడు సుబ్బయ్య స్వయంగా ఆ ఇంటికి మళ్లీ వెళ్తానన్నాడు. ఈసారి తెలుగులోనే చెప్పాడు.

గురువారం పదకొండింటి బండికి తిరుగు ప్రయాణం. దారిలో నివేదిక రాశాను. నాలుగు పేజీలు అనుకున్నది సగం పేజీకి వచ్చింది. నల్ల సిరా వెంటనే ఆపాలి. తప్పు పద్ధతిది, పద్ధతి నాది. మంగళవారం డైరీ తిప్పి చూశాను. సిరా ప్రశ్న గురించిన ఆ వాక్యం కొట్టేయబోయి ఆగాను. నలభై ఏళ్లుగా రాసినది కొట్టేయడం నాకు అలవాటు లేదు.

ఒంటిగంటకు విరుదునగర్. ముందుగా తంతి ఇచ్చి ఉంచాను కనుక నటరాజన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, తిట్లు తినడానికి సిద్ధంగా.

"నీకు నలుపు సంగతి తెలిస్తే విడమరచి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను అయ్యా. మీరు నిబంధన చదివారు. రెండుసార్లు."

"ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా? చెప్పవలసినవి?"

అతను బండి వైపు, గార్డు వైపు, నా వైపు చూశాడు.

"ఉన్నాయయ్యా. కాని బండి పది నిమిషాలే ఆగుతుంది."

సంచి దించుకున్నాను. మధురైకి తరువాతి బండి నాలుగు ఇరవైకి ఉంది.