కాబోయే వియ్యాలవారి ద్రాక్షతోటకు టమాటా చారుతో

మా హాస్టల్ మౌనిక పెళ్లి సంగతి తేలాలంటే, తను చేసుకోబోయే జర్మన్ అబ్బాయి ఫెలిక్స్ వాళ్ల నాన్న సరే అనాలి. వాళ్లమ్మ ఎప్పుడో ఒప్పుకుంది. వరంగల్‌లో మౌనిక వాళ్లు ఏడ్చి, అలిగి, చివరికి వాళ్లూ ఒప్పుకున్నారు. ఈ పెద్దమనిషి మాత్రం అవుననడు, కాదనడు. ఆయనకు ఫ్రైబుర్గ్ అనే చిన్న ఊళ్లో ద్రాక్షతోట ఉంది. ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం ఏళ్లుగా తన వైన్ కొనేవాళ్లను పెరట్లో బ్రంచ్‌కు పిలిచి కొత్త వైన్ రుచి చూపిస్తారట. ఈసారి మౌనికను కూడా పిలిచి, మీవైపు వంటకం ఏదైనా పట్టుకురమ్మన్నారు. తోడుగా నేను. మనవైపు అబ్బాయివాళ్లు పిల్లను చూడ్డానికి వస్తారు. ఇక్కడ పిల్లే పెట్టే సర్దుకుని బయల్దేరింది, పెళ్లిపెద్దనేమో నేను!

మేముండే మాగ్డెబర్గ్‌లో ఇప్పుడు ఏ ట్రామ్ ఎక్కినా తెలుగు వినపడుతుంది. మా హాస్టల్లో ఆదివారం బ్రంచ్ అంటే మౌనిక చేసే చారువైన్ ఉండాల్సిందే. చేయడం తేలికే. పండు టమాటాలు తురిమి, పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే తేటనీరు దిగుతుంది. అందులో గింజలు తీసిన పచ్చిమిర్చి, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర కాడలు వేసి చల్లబెట్టి, వడకట్టి, అంతే కొలత డ్రై వైట్ వైన్ కలుపుతుంది. ఉప్పు మాత్రం చివర్లోనే. సూపర్‌మార్కెట్లో నాలుగు యూరోల వైన్‌తో చేసినా మావాళ్లు గిన్నె అడుగు కూడా వదలరు. కాని వైన్ తయారుచేసేవాడి ఇంటికి వెళ్లి ఆయన వైన్‌లోనే చారు కలపడమా? ముందురోజే పులిహోర చేసుకుపోదామే అని ఎంత మొత్తుకున్నా వింటేనా!

ఏడింటికి రైలెక్కాం. హాలేలో ఒకసారి, నౌంబుర్గ్‌లో ఒకసారి మారాలి. మొత్తం మూడు గంటల లోపే. అన్నీ ప్రాంతీయ రైళ్లే కాబట్టి నెలవారీ జర్మనీ టికెట్ సరిపోతుంది. యాప్‌లో వెతికేటప్పుడు ఊరిపేరు పక్కన అక్కడి నది పేరు ఉన్‌స్ట్రుట్ అని చేర్చండి, లేకపోతే దక్షిణాన ఎక్కడో అదే పేరుతో ఉన్న పెద్ద ఊరు చూపిస్తుంది. మౌనిక వైన్ ఇంకా కలపని చారు సీసాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. టికెట్లు చూడ్డానికొచ్చిన ఆయన నవ్వుతూ, "సూపా?" అని అడిగాడు. వైన్‌లో కలపడానికని మౌనిక చెప్పగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. "ఫ్రైబుర్గ్‌లోనా? ధైర్యమే మీకు," అని ముందుకెళ్లిపోయాడు.

"జూశినవా, ఆయన మొఖం ఎట్ల వెట్టిండో. నాకు చేతులు చల్లవడుతున్నయే," అంది మౌనిక.

"ఇప్పుడా చల్లబడేది? నిన్న చెప్తే విన్నావా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నౌంబుర్గ్ నుంచి చిన్న రైల్లో పది నిమిషాలు. రెండువైపులా కొండలకు మెట్లుమెట్లుగా తోటలు, కింద నది. మరో రోజైతే వంద ఫొటోలు తీసేదాన్ని. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు ఎగువకు నడక, బరువుంటే ఆయాసం వస్తుంది. ఫెలిక్స్ గేటు దగ్గరే ఉన్నాడు. వాళ్ల నాన్న చెయ్యి కలిపి, సీసాను పైకెత్తి వెలుగులో చూసి, మొహం ముడుచుకుని, కిందటేటి పంటతో చేసిన సిల్వానర్ అనే తెల్ల వైన్ సీసాలు నాలుగు పెరట్లో బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

వంటింట్లో ఫెలిక్స్ వాళ్లమ్మ గుడ్లు ఉడకబెడుతోంది. మౌనిక ఆ పక్కనే జగ్గులో చారూ ఆయనిచ్చిన వైనూ కలిపి, సంచిలోంచి నల్ల ఉప్పు డబ్బా తీసి రెండు చెంచాలు వేసింది. మాకు వాసనేమీ తేడాగా అనిపించలేదు. చాట్ బండి దగ్గర పెరిగిన ముక్కులాయె! చిన్న గ్లాసుల్లో పోసి, దోసకాయ చక్రం తగిలించి బయటికి తెచ్చాం.

మొదట అతిథుల్లో ఒకావిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మెల్లగా దించేసింది. పక్కాయన వాసన చూసి భార్యతో ఏదో గొణిగాడు. ఇద్దరూ బల్లమీది సిల్వానర్ సీసాలకేసి చూశారు. ఫెలిక్స్ వాళ్ల నాన్న వచ్చి ఒక గ్లాసు వాసన చూశాడు. మొహం పాలిపోయింది. గ్లాసు పెట్టేసి, వైన్ దాచే సెల్లార్ మెట్లు దిగిపోయాడు.

"కుళ్లిన గుడ్ల వాసన," అన్నాడు ఫెలిక్స్. "పులిసేటప్పుడు తేడా వస్తే వైన్‌కి పట్టే జబ్బు. ఈ మాట ఊళ్లోకి పోయిందంటే కిందటేటి పంట వైన్ ఎవరూ కొనరు."

మౌనిక నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "అది మన ఉప్పు వాసనేనే!"

"నోరు మూసుకో. ఇప్పుడు చెప్తే నీ పెళ్లి గోవిందా. రేపు ఫెలిక్స్‌తో మెల్లగా చెప్పొచ్చు," అన్నాను. నిజంగానే అన్నాను, అంత భయం వేసింది.

"అప్పటిదాంక ఆయన సచ్చిపోతడే!" అని డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. వెనకే నేనూ.

కింద ఆయన సీసా తర్వాత సీసా తెరిచి వాసన చూస్తున్నాడు. బాగున్న సీసాను కూడా నమ్మలేక మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. మౌనిక వచ్చీరాని జర్మన్‌లో, "మీ వైన్ మంచిదే. తప్పు నాది. నా ఉప్పు," అని డబ్బా మూత తీసి అందించింది. ఆయన వాసన చూసి, పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"దీన్ని మనుషులు తింటారా?" అన్నాడు.

మౌనిక చిటికెడు నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లు. ఆయన కూడా చిటికెడు వేసుకుని, మొహం చిట్లించి, డబ్బా తీసుకుని పైకి నడిచాడు. ఇక అయిపోయింది, రిటర్న్ రైలు ఎన్నింటికో చూడాలనుకున్నాను. ఆయన ఒక్కొక్క అతిథి దగ్గరకూ వెళ్లి డబ్బా ముక్కు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు:

"చూడండి. నా వైన్‌కి ఏ జబ్బూ లేదు. ఇది మా కోడలి ఉప్పు."

మూడో అతిథి దగ్గరికి వెళ్లేసరికి, కోడలన్న మాటకు ఫెలిక్స్ వాళ్లమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆయన తనేమన్నాడో గమనించినట్టు లేదు, నాలుగో ఆయనకూ అదే మాట చెప్పాడు. మౌనిక సెల్లార్ గుమ్మంలోనే కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చింది.

తిరుగు రైల్లో ఆలోచిస్తే, పొద్దుట్నుంచీ మా భయంలో మేముండి, ఆయనకూ ఒక భయం ఉంటుందని అనుకోనేలేదు. గేటు దగ్గర నాకు కోపంగా కనిపించినది బహుశా ఏడాది పంటను జనం ముందు పెట్టే రోజు గుబులేనేమో. మీరూ ఇలా ఎవరింటికైనా చారువైన్ పట్టుకెళ్తుంటే నాదొకటే సలహా: మామూలు ఉప్పు వాడండి. నల్ల ఉప్పే కావాలంటే జగ్గులో కలపకుండా చిన్న గిన్నెలో పక్కన పెట్టి, అదేమిటో ముందే చెప్పి, కావలసినవాళ్లనే వేసుకోనివ్వండి.