తాళంచెవి అడిగిన ఉత్తరం

నెట్ సెంటర్ అక్క పోయిందని మొన్న బీర్కూర్ బస్సులో విన్నాను. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, "దినాలు గూడ అయిపాయె" అనుకుంటున్నారు. బాన్సువాడలో ఆమె దుకాణానికి మూడు వీధుల దూరంలోనే ఉంటాను. అయినా నాకు కబురు రాలేదు. రాకపోవడానికి కారణం నేనే.

పెళ్లయిన ఏడాదికే మా ఆయన మస్కట్ వెళ్లారు. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఆయన తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో మెయిల్ రాసేవారు. అది చదవడం, తిరిగి రాయడం ఆ అక్కే నేర్పింది. నేను ఒక్కో అక్షరం వెతికి నొక్కుతుంటే, "కోడి గింజలు ఏరినట్టు ఏరుతున్నవు పిల్లా, కానియ్" అని నవ్వేది. పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే కళ్లు మూసుకునేది. "కొట్టుకో, నేను చూస్తలేను."

నా పాస్‌వర్డ్ మా ఆయన పేరు. నేను ఎన్నడూ నోటితో పలకని పేరు.

ఒకరోజు మెయిల్ కంపెనీ పేరుతో తెలుగులో ఉత్తరం వచ్చింది. ఇవాళే పాస్‌వర్డ్ ఇవ్వకపోతే నా మెయిల్ మూసేస్తారని కూడబలుక్కుని తెలుసుకున్నాను. రెండేళ్ల ఉత్తరాలు అందులోనే ఉన్నాయి. అక్కను అడిగితే పాస్‌వర్డ్ ఏందంటుందేమో, ఆ పేరెలా చెప్పను? సిగ్గుపడి, అక్కడున్న నీలం అక్షరాల మీద నొక్కాను. రోజూ చూసే పేజీలాంటిదే వచ్చింది. ఆ పేరు కొట్టాను.

వారం తర్వాత వెళితే మెయిల్ తెరుచుకోలేదు. ఆయన రాసిన ఒక్క మాట కూడా నాకు మిగల్లేదు. అందరి ముందూ అక్కనే అన్నాను.

"నా పక్కన కూసున్నది నువ్వొక్కదానివే. నువ్వే చూసినవ్."

అక్క ముఖం నల్లబడింది. "ఏదన్న ఉత్తరమొచ్చి పాస్‌వర్డ్ అడిగిందా?" అంది. తలూపాను.

"తలుపు చేసిన వడ్లాయన మళ్లొచ్చి తాళంచెవి అడుగుతడా పిల్లా? ఆగమాగం చేసెటోన్ని నమ్మద్దు. ఉత్తరంల ఉన్న నీలి అక్షరాలు ఒత్తద్దు. అనుమానమొస్తే అడ్రసు నువ్వే కొట్టి పోయి చూడాలె. నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె?" అని ఆగి, "ఏం పెట్టినవ్, మొగుని పేరేనా? గది మీ వాడకట్టంత ఎరుకే!" అంది.

అప్పుడే కొత్త మెయిల్ తెరిచి ఇచ్చింది. పాత ఉత్తరాలు మాత్రం మళ్లీ దొరకలేదు.

ఆ దొంగ ముఖం నేనెరగను. నా నుంచి ఆ పేరు మొదట రాబట్టుకున్నది వాడేనని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇవాళ్టికీ తొందరపెట్టే మెయిల్ ఏది వచ్చినా అందులో ఏదీ నొక్కకుండా వదిలేస్తున్నానంటే అది అక్క చలవే. వాడి మోసాన్ని ఆమె నెత్తిన రుద్దిన నేను, తప్పయిందని ఒక్కసారీ అనలేదు. కొన్నాళ్లకు అటు వెళ్లడమే మానేశాను.

మానేసేలోపు ఆ కొన్నాళ్లూ, నేను వెళ్లగానే కంప్యూటర్ పెట్టిచ్చి అక్క బయటికి నడిచేది. మిట్టమధ్యాహ్నం ఎండలో, కొంగు నెత్తిన కప్పుకొని, రోడ్డు వైపు తిరిగి మెట్టు మీద కూర్చునేది. అద్దం తలుపులోంచి ఆమె వీపు కనిపించేది. రవిక చెమటకు తడిసిపోయేది. నేను లేచేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేది కాదు.