పచ్చిపులుసు వండినదా, కాదా?

ఫోన్ కంపెనీలూ, సరుకులు తెచ్చే యాప్‌లూ రోజూ కోట్లమందికి చెప్పే మాట ఒకటుంది: "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది." దాన్ని నిజమని నమ్మిన మనిషి దేశం మొత్తం మీద ఒక్కరే. ఆయన ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటారు. పేరు రామభద్రరావు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు.

ఈ సంగతి దేవమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయన అభిప్రాయాలన్నీ చెప్పేది ఆమె కర్రీ పాయింట్ ముందు స్టూలు మీద కూర్చునే. ఇంట్లో చెప్పడానికి భార్య సీతామహాలక్ష్మిగారు ఒప్పుకోరు. "కూరలు తెండి. ఆ మాటలేవో అక్కడే అవగొట్టుకుని రండి" అని సంచీ ఇచ్చి పంపుతారు. రావుగారు ఫోన్ స్పీకర్లో పెట్టి, ఏదో ఒక కంపెనీకి కలుపుతారు.

"నేను మీ డిజిటల్ సహాయకురాలిని. మీకు ఏ విధంగా..."

"సంతోషం తల్లీ. మనిషిని పిలవండి."

మనిషి వచ్చాక అభిప్రాయం మొదలు. ఛార్జర్ లేకుండా ఫోన్ అమ్మే కంపెనీకి: "పెళ్లికొడుకుని పంపించి, కాళ్లు విడిగా కొనుక్కోమన్నట్టుందండీ మీ పద్ధతి." పది నిమిషాల్లో కొత్తిమీర తెస్తామనే వాళ్లకి: "కొత్తిమీరకి లేని తొందర మీకెందుకు బాబూ?" కృత్రిమ మేధ తయారుచేసేవాళ్లకి: "దానికి అన్నీ వచ్చు, తెలియదు అనడం తప్ప. మా ఫ్యాక్టరీలో అలాంటివాడికి ప్రమోషన్ ఇచ్చాం. ఇప్పటికీ అనుభవిస్తున్నారు."

"గా కంపెనోళ్లు నీ మాట వింటరా సారూ?" అని అడిగేది దేవమ్మ, పప్పు పొట్లం కడుతూ.

"వాళ్లే అడిగారమ్మా. అడిగినప్పుడు చెప్పకపోతే మర్యాదా?"

ఈ వర్షాకాలం ముందు మురుగు పైపుల కోసం వీధంతా తవ్వారు. దుకాణం దాకా నడిచొచ్చేది రావుగారొక్కరే. మిగతా బేరమంతా కూరలు ఇళ్లకి చేరవేసే 'వడివడి' యాప్ మీదే. సరిగ్గా అప్పుడే వడివడి వాళ్లు మెనూలు తనిఖీ చేసే పని కృత్రిమ మేధకి అప్పజెప్పారు. అది దేవమ్మ మెనూ చదువుకుంటూ వచ్చి పచ్చిపులుసు దగ్గర ఆగింది. పచ్చి అంటే వండనిది. వండని ఆహారం అమ్ముతున్నందుకు దుకాణం మూసివేయడమైనది. సాయంత్రంలోగా తగిన సంజాయిషీ రాకపోతే శాశ్వతంగా.

దేవమ్మ పచ్చిపులుసుని తీసెయ్యబోయింది. విచారణలో ఉన్న మెనూ మార్చరాదని వచ్చింది. గిన్నెల నిండా కూరలున్నాయి. ఈ దుకాణం పోతే మళ్లీ ఎవరింట్లోనో వంటకి కుదరాలి. కుదిరి పదిమంది చేత మాటలు పడే ఓపిక ఆమెకి లేదు.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వండమ్మా," అన్నారు రావుగారు. ఇంకో దిక్కు లేక ఇచ్చింది. ఆయన వడివడి వాళ్లకి కలిపి స్పీకర్లో పెట్టారు.

"మీ వంటకం వండినదా?" అని అడిగింది సహాయకురాలు. "అవును లేదా కాదు అని చెప్పండి."

"అవునను సారూ," అంది దేవమ్మ గొంతు తగ్గించి.

"ఎలా అంటాను? మీరు వండరుగా."

"పోపు సుత పెడ్త గద."

"పోపు వంట కిందికి వస్తుందా అన్నది ఆలోచించాల్సిందే." నిజంగానే కాసేపు ఆలోచించి ఫోన్ వైపు తిరిగారు. "వండలేదండీ. అయినా తినొచ్చు. మజ్జిగ వండుతారా? ఆవకాయ వండుతారా? ఇంకో జవాబేమైనా పెట్టారా?"

"మీరు 'కాదు' అని చెప్పారు. ధన్యవాదాలు."

"అయిపాయె. సత్తెం జెప్పి నా దుకాణం బంద్ పెట్టించినవ్," అని దేవమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"మనిషిని పిలవండి," అన్నారాయన, ఏమీ జరగనట్టు.

సంగీతం మొదలైంది. అది ఎంతసేపు వాయించారంటే, దేవమ్మకి ఆ పాట నోటికొచ్చేసింది. చివరికి ఓ అమ్మాయి పలికింది. "నమస్తే, నా పేరు నవత."

"నమస్కారమమ్మా. నా పేరు రామభద్రరావు."

"సారా? మంచిగున్నరా సార్?"

దేవమ్మ నెత్తి మీది చెయ్యి దించింది. "నువ్వు సార్‌ను ఎర్కనా బిడ్డా?"

"మా సెంటర్ల ఎవరికి ఎర్క లేదమ్మా? శానా కంపెనీల కాల్స్ మాకే వస్తయి. సార్ ఫోన్ వస్తే కొత్తగ చేరినోళ్లకే ఇస్తరు. మేం తప్పు చదివినా కోపం చెయ్యరు. కంపెనీని తిడ్తరు గని, మాకు ఎప్పుడూ అయిదుకు అయిదు మార్కులేస్తరు."

రావుగారు సంచీ సర్దుకుంటున్నట్టు తల వంచుకుని, పచ్చిపులుసు గొడవ చెప్పారు.

"గిదేం తనిఖీ సార్? కాగబెడ్తె అది చారైతది గని పచ్చిపులుసెట్లయితది?" అంది నవత. మల్కాజ్‌గిరి పిల్ల. ఒక్క నిమిషం ఆగమని, దుకాణం తెరిపించింది.

ఫోన్ పెట్టేశాక దేవమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది. "గీ ముచ్చట ఎన్నడూ చెప్పకపోతివి సారూ."

"మనిషి కావాలని ఎవరూ అడగడం లేదని ఆ సెంటర్లలో కుర్చీలు తగ్గించేస్తున్నారటమ్మా. నాలాంటివాడు అడుగుతూంటే కొన్నయినా మిగులుతాయేమోనని." ఆగి, "అభిప్రాయాలు కూడా ఉన్నాయనుకోండి," అన్నారు.

అప్పుడే ఆర్డర్ గంట మోగింది. వెంటనే ఇంకొకటి. దేవమ్మ కంది పచ్చడి డబ్బాలోకి వేస్తుంటే, రావుగారు కళ్లజోడు సవరించుకుని యాప్‌లోకి చూశారు. పచ్చిపులుసు కింద ఆ యంత్రం తానే దిద్దుకుని కొత్తగా ఓ మాట చేర్చింది: పూర్తిగా ఉడికించబడినది.

"ఇది అబద్ధం కదమ్మా," అన్నారు నొచ్చుకుంటూ.

పొద్దున అయితే దేవమ్మ ఆ ఫోన్ లాక్కుని దాచేసేది. ఇప్పుడు పొట్లాలు కట్టి, చేతులు తుడుచుకుని, తనే కలిపింది. ఈసారి అవతల ఇంకో గొంతు, బొత్తిగా కొత్తది. "నమస్కారం, నా పేరు మేబెల్," అని ఆగి, రాసిచ్చినది తడబడుతూ మొదటి నుంచి మళ్లీ చదవసాగింది. రావుగారు ధైర్యం చెప్పబోయేలోగా దేవమ్మే ఫోన్ దగ్గరికి వంగింది.

"నిమ్మలంగ చదువు బిడ్డా," అంది. "పచ్చిపులుసు సల్లారేదేం లేదు."