శివాజీ బుడ్డి ట్రాక్టరు

ఉద్దానంలో కవిటి వైపు తోటల్లో శివాజీని ఇంటిపేరుతో ఎవరూ గుర్తుపట్టరు. బుడ్డి ట్రాక్టరు శివాజీ అంటే మాత్రం అందరికీ తెలుసు. అతని తండ్రి ఎప్పుడో కొన్న ఆ ట్రాక్టరు మామూలు ట్రాక్టరులో సగం ఉంటుంది. పెద్దవి దూరలేని చోట, వంగిన కొబ్బరిమట్టల కింద నుంచి ఇట్టే దూరిపోయేది. మీసాలు రాకముందే దానిమీదెక్కిన శివాజీ, పెళ్ళయ్యాక కూడా చాలాకాలం ఊరి తోటలన్నీ దానితోనే దున్నాడు.

తిత్లీ తుఫానుకి ఆ తోటలు నేలకొరిగాయి. పాక కూలి ట్రాక్టరు మీద పడింది. దున్నడానికి తోటే లేనప్పుడు ఇదెందుకని శివాజీ దాన్ని బయటికి తియ్యనే లేదు, లారీ డ్రైవరుగా వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి కాళ్ళు వాచాయి. అన్నం చూస్తే వాంతి వచ్చేది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఆ ఊళ్ళలో ఈ రెండు ముక్కలూ చెబితే చాలు, మూడోది ఎవరూ అడగరు. కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ మొదలైంది.

ఆసుపత్రికి వెళ్ళని రోజుల్లో అతను మంచంమీద పడుకునేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆఖరిచూపు చూస్తున్నట్టు చూసేవారు. అది అతను భరించలేకపోయాడు. ఓ ఉదయం పాత ఇనుము కొనేవాడు వచ్చి ట్రాక్టరుకి బేరం పెడితే, భార్య కుమారి సరేనంది.

"అమ్మను," అన్నాడు శివాజీ మంచం దిగి. "తుఫాను తర్వాతేసిన మొక్కలు ఎదిగాయి. ఈ సందుల్లోకి పెద్ద ట్రాక్టరు దూరదు. దీన్ని నానే బాగుసేస్తాను."

"నిన్ను బాగుసేసుకోడానికే ఓపిక నేదు, దాన్నేటి సేస్తావు మావా?" అంది కుమారి. ఆమె అతని మేనత్త కూతురు. పెళ్ళికి ముందు నుంచీ మావా అనే పిలుస్తుంది.

అతను వినలేదు. ట్రాక్టరుని వాకిట్లోకి లాగించి విప్పడం మొదలుపెట్టాడు. బోల్టులు కిరసనాయిల్లో నానబెట్టాడు. తీగల బ్రష్షుతో తుప్పు గోకాడు. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయేది కానీ డాక్టరు చెప్పిన కొలత దాటి నీళ్ళు తాగకూడదు. గుడ్డ తడిపి పెదాలకి అద్దుకుని మళ్ళీ గోకేవాడు. కిరసనాయిలు వాసనకి కుమారి తలుపులు ధడాలున వేసేసేది. అయినా ఆ రోజుల్లో అతను కాస్త అన్నం తిన్నాడు. అది చూసి ఆమె నోరు మూసుకుంది.

అతని ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. డయాలసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. వేలు ఆనిస్తే చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, గట్టిగా లాగకూడదు. పొద్దున్నే లేవగానే కుమారి చేసే మొదటి పని దానిమీద వేలు పెట్టి చూడడం.

ముందు చక్రం బోల్టు ఒకటి ఎంతకీ రాలేదు. శివాజీ కుడిచేత్తో లాగాడు, కాలితో తొక్కాడు. చివరికి విసుగొచ్చి రెండు చేతులూ వేసి బలమంతా పెట్టాడు. బోల్టు వచ్చింది.

మర్నాడు కుమారి వేలు పెట్టి చూసింది. తీసి మళ్ళీ పెట్టింది. చెవి ఆనించి వింది.

"మావా, సప్పుడు నేదు."

పట్నం ఆసుపత్రివాళ్ళు విశాఖ పంపారు. గడ్డకట్టిన నాళం తెరుచుకోలేదు. మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. కుడిచేతికి మళ్ళీ ఆపరేషను చెయ్యాలన్నారు, అది పనికి రావడానికి నెలలు పడుతుందన్నారు. మెడకి కట్టుతో శివాజీ ఇంటికొచ్చాడు. కుమారి ఒక్క మాట అనలేదు. తిడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆ మౌనం అతనికి మెడలో గొట్టంకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

కుమారి అన్న ధనరాజ్‌కి సోంపేటలో మెకానిక్ షెడ్డు ఉంది. చూడ్డానికొచ్చి, వాకిట్లో విప్పిపడేసిన సామాను చూసి అన్నాడు: "బావా, నా మాటిను. ఇది తూకానికి ఇచ్చేద్దాం."

శివాజీ తలూపాడు. అడ్డు చెప్పింది కుమారే.

"ఇప్పుడమ్మేస్తే ఆ సెయ్యి ఉత్తినే పోయినట్టు గదా అన్నియ్యా! బిగించు. రంగు నానే ఏస్తాను."

"ఒసే, నీకేటి పిచ్చా?"

"ఏటైనా అనుకో. బిగించు."

ధనరాజ్ ఖాళీ ఉన్నప్పుడల్లా వచ్చి ఇంజను బిగించాడు. కుమారి ఉప్పుకాగితంతో రుద్ది, లప్పం పెట్టి, రంగు పూసింది. రంగు వాసన తగలకుండా దూరంగా స్టూలు మీద కూర్చుని శివాజీ కేకలేసేవాడు. పాత రంగు ఆకాశంలా లేతగా ఉండేది. దుకాణంలో దొరికింది సిరా నీలం. పైగా బానెట్ మీద రంగు చారలు చారలుగా కారిపోయింది.

"పల్చగా వెయ్యమన్నానా? పాడుసేసీసినావు!"

కుమారి బ్రష్షు డబ్బాలో పడేసింది. ఇన్నాళ్ళూ ఆపుకున్నది అప్పుడు బయటపడింది.

"నువ్వు పాడుసేసుకోనేదేటి? ఆ బోల్టు లాగినప్పుడు నాను గుర్తొచ్చానా? నువ్వు పోతే నానేటి సెయ్యాల?"

ఆమె వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి కారిన చోటల్లా గుడ్డతో తుడిచి మళ్ళీ పూసింది.

ట్రాక్టరు స్టార్టయిన రోజు చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. మెడలో గొట్టంతో శివాజీ తోలలేడు. ధనరాజ్ ఎక్కబోతే కుమారి తనే ఎక్కింది. పక్కన నడుస్తూ శివాజీ క్లచ్చు ఎప్పుడు తొక్కాలో చెబుతుంటే, మొదటి సాలులోనే ఓ కొబ్బరిమొక్కని గుద్దేసింది. కొన్నాళ్ళకి ఆమెకి తోలడం చేతనైంది. ఆసుపత్రి లేని రోజుల్లో ఇరుగుపొరుగు తోటలు దున్నసాగింది. దూరంగా ఆ ఇంజను మోత వింటూ శివాజీ మాత్రం స్థిమితంగా కూర్చోలేకపోయేవాడు. తనకొచ్చింది ఆమెకీ రావచ్చని అతని భయం. రక్తపరీక్షకి వెళ్ళమంటే ఆమె ఏదో పని చెప్పి తప్పించుకునేది.

చివరికి తనను డయాలసిస్‌కి తీసుకెళ్ళిన ఒక రోజు, రక్తం ఇస్తేగానీ మంచం ఎక్కనని మొండికేశాడు. ఇచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ వచ్చింది. ఇప్పుడే ఏమీ చెప్పలేమని, మూడు నెలలాగి మళ్ళీ రమ్మని డాక్టరు అన్నాడు.

బస్సులో ఊరు దగ్గరపడుతుండగా కుమారి అంది: "రేపు కూర్మయ్య తోటకి ఎల్లాల. మాటిచ్చాను."

"రేపు వద్దులేయే."

"ఇంట్లో కూకుంటే తగ్గుతాదేటి?"

శివాజీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో మట్టి అలాగే ఉంది. మర్నాడు ఆమె వెంట అతనూ తోటకి వెళ్ళాడు. ఎండెక్కేలోపు ఆపమని గట్టు మీద నుంచి పదేపదే అరుస్తూనే ఉన్నాడు.