మోకాలెత్తు బోర్డులు

1992 మొదట్లో, కువైట్ నడిబొడ్డున మిర్కాబ్‌లో మా బోర్డుల దుకాణం మళ్ళీ తెరిచాం. ఇరాకీ సైన్యం వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. కాలిపోయిన దుకాణాలు ఒక్కొక్కటిగా బాగవుతున్నాయి. ప్రతి దుకాణానికీ కొత్త బోర్డు కావాలి, మాకు చేతినిండా పని.

నాది రాయచోటి. లారీల వెనక పేర్లు రాస్తూ నేర్చుకున్న పని నాది. అరబ్బీ చదవడం నాకు రాదు. ఏ అక్షరాన్నైనా బొమ్మలా చూసి ఉన్నదున్నట్టు దించడం మాత్రం వచ్చు. వీసా ఇచ్చి మమ్మల్ని పనిలో పెట్టుకున్న మా కఫీల్ కాగితం మీద రాసిస్తే నేను స్టెన్సిల్ చేసుకునేవాణ్ణి. అంటే పల్చటి రేకులో అక్షరం ఆకారాన్ని కోసి, దాన్ని బోర్డు మీద పెట్టి రంగు కొట్టడం. ఇనప స్తంభాలు, ఫ్రేములు వెల్డింగ్ చేసేది ఓబులేసన్న, పులివెందుల దగ్గరివాడు. ఇద్దరం అబ్బాసియాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం.

ఆ చలికాలంలోనే ఊరి బయటి పెద్ద ఖబరస్తాన్‌లో పని వచ్చింది. యుద్ధంలో చనిపోయిన సైనికులను పూడ్చిన భాగంలో భాగాల పేర్లు, వరసల అంకెలు రాసి దారి చూపే బోర్డులు పెట్టాలి. అక్కడికి వెళ్ళి చూశాక ఆ పని ఎంత అవసరమో తెలిసింది. పాలరాతి కట్టడాలు లేవు, చెట్లు లేవు. కనుచూపు మేర ఇసుక. ఆ ఇసుకలో వరసలు వరసలుగా చిన్న చిన్న దిబ్బలు, ఒక్కోదాని తల దగ్గర చిన్న రాయి. గుర్తు పెట్టుకుందామంటే ఒక వరసకూ ఇంకో వరసకూ తేడా లేదు. వచ్చినవాళ్ళు వెతుక్కుంటూ తిరుగుతూనే ఉండేవాళ్ళు.

మా పనిలో క్లియరెన్స్ అని ఒక మాట ఉంది. నేల నుంచి బోర్డు కింది అంచు దాకా ఉండే ఎత్తు అది. దారి చూపే బోర్డంటే తలకన్నా ఎత్తులో ఉండాలి. డ్రాయింగ్‌లోనూ అలాగే ఉంది, మేమూ అలాగే నిలబెట్టడం మొదలుపెట్టాం.

రెండో రోజో మూడో రోజో, నేను నిచ్చెన మీదుండగా కింద నుంచి ఎవరో పిలిచారు.

“నర్సీ, దిగు. నీ ముఖం చూడనీ.”

నా పేరు నరసింహులు. నన్ను నర్సీ అని పిలిచేది ఒక్కరే. కిందికి చూస్తే ఉమ్ హమద్. అక్కడ తల్లిని పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు. ఉమ్ హమద్ అంటే హమద్ వాళ్ళమ్మ. నేను ఆమెను ఖాలా అనేవాణ్ణి, మన పిన్ని లాగా.

ఆమె నాకు ఇరాకీల రోజుల్లో పరిచయం. అప్పుడు సైనికులు చేతిలో చిరునామాలు పట్టుకుని మనుషుల కోసం ఇళ్ళ మీదికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు దారి దొరక్కూడదని జనం వీధి పేర్ల పలకలు పీకేశారు, ఇంటి నంబర్లు చెరిపేశారు. మా కఫీల్ ఇల్లూ ఉమ్ హమద్ ఇల్లూ ఒకే వీధి. ఆ వీధిలో నంబర్ల మీద రంగు పూసింది నేనే. నేను పూస్తుంటే ఆమె మూల మీద నిలబడి కాపలా కాసేది. జీపు కనిపిస్తే పిల్లిని పిలుస్తున్నట్టు “మిష్‌మిష్, మిష్‌మిష్” అని కేకేసేది. ఆమెకు పిల్లి లేదు. నేను డబ్బా ఎత్తుకుని ఆమె ఇంట్లో దూరేవాణ్ణి. జీపు వెళ్ళిపోయాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళం. అంత భయంలోనూ ఆమె పక్కనుంటే నవ్వొచ్చేది.

నిచ్చెన దిగి సలాం చేశాను. ఆమె బోర్డును, నా చేతిలోని బ్రష్‌ను చూసి తలూపింది.

“చెరిపింది నువ్వే, ఇప్పుడు రాసేదీ నువ్వే. బాగుంది.”

హమద్ సైన్యంలో ఉండేవాడు. ఇరాకీలు వచ్చిపడిన మొదటిరోజే చనిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు తెచ్చి పూడ్చిపెట్టారు. తల్లికి ఆ సంగతి చాలా రోజులకు గానీ తెలియలేదు. ఊరు విడుదలయ్యాక సమాధి జాడ దొరికింది. కానీ కిందటి ఎండాకాలం ఆమె ఒక్కతే వచ్చి, దారి తప్పి, ఎండకు సొమ్మసిల్లి పడిపోయిందట. అప్పటి నుంచి చిన్నకొడుకు యూసుఫ్ ఆమెను ఒంటరిగా రానివ్వడం లేదు. తీరిక దొరికినప్పుడు తనే కారులో తెస్తాడు. ఆ రోజూ తెచ్చాడు, కాస్త దూరంలో నిలబడి ఉన్నాడు.

“మంచివాడే,” అంది ఆమె గొంతు తగ్గించి. “కానీ నేను ఈ కొడుకు దగ్గర కూర్చుంటే ఆ కొడుకు గడియారం చూస్తూ నిలబడతాడు. ఇంక నేనేం మాట్లాడను?”

యూసుఫ్‌తో ఆమె ఒక ఒప్పందం చేసుకుంది. బోర్డులు పూర్తయ్యాక రంజాన్ పండగనాడు ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి రావాలి. తప్పిపోకుండా వస్తే ఇక మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు డ్రైవర్‌తో రావచ్చు. తప్పిపోతే ఖలాస్, ఇక ఒంటరిగా వచ్చే మాటే లేదు. ఆమెకు చదువు రాదు. కూతుళ్ళకు ఫోన్ చేయడానికి అంకెలు మాత్రం నేర్చుకుంది.

“అంకెలు పెద్దవిగా రాయి నర్సీ. మిగతాది నేను చూసుకుంటాను.”

పెద్దవిగానే రాశాను. ఆ భాగంలో బోర్డులన్నీ నిలబెట్టాక ఆమె ఒకసారి నడిచి చూస్తానంది. నేనూ ఓబులేసన్నా వెనకాల దూరంగా నడిచాం. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు దగ్గర బోర్డు కిందనుంచే వెళ్ళి తిరగకుండా నేరుగా ముందుకు పోయింది. మేము చేరుకునేసరికి ఎక్కడో దూరపు వరసలో ఇంకో తల్లి పక్కన కూర్చుని కబుర్లలో పడింది. ఆవిడా దారి తప్పే అక్కడికి వచ్చిందట.

“ఏంది నరసింహా, ఇంత పెద్ద బోర్డు ఆయమ్మకు ఎట్ల కనపల్లా?” అన్నాడు ఓబులేసన్న.

ఆ మాటే అరబ్బీలో అడిగాను. “బోర్డా? ఎక్కడ?” అంది. పైకి చూపించాను. ఆమె మెడ ఎత్తి చూసి, పక్కావిడకు కూడా చూపించి, ఇద్దరూ నవ్వారు.

“ఇక్కడికి వచ్చేవాళ్ళు ఆకాశం చూస్తూ నడుస్తారా నర్సీ? కాళ్ళ దగ్గరే చూస్తాం. ఎవరి కొడుకును తొక్కుతామోనని భయం.”

మర్నాడు పని ఆపేసి గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూశాం. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, యూనిఫాం వేసుకున్న సైనికులు, అందరూ తల దించుకునే నడుస్తున్నారు. ఇంకో సంగతీ కనిపించింది. తిరిగి వెళ్ళేవాళ్ళకు మా బోర్డుల వెనకవైపు ఒట్టి రేకే కనిపిస్తోంది.

పని చూసే ఈజిప్టు ఇంజనీర్ దగ్గరికి భయపడుతూనే వెళ్ళాను. ఆయన విని, నాతో పాటు ఒక చుట్టు తిరిగాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనా నేల చూస్తూనే నడిచాడు. అది తనకే తెలిసి నవ్వాడు.

“డ్రాయింగ్‌లోది కార్ల ఎత్తు,” అన్నాడు. “రోడ్డు మీదివి అలాగే ఉంచండి. లోపలివి దించండి.”

మళ్ళీ మొదటికొచ్చిందే అని ఓబులేసన్న గొణుగుతాడనుకున్నాను. “స్తంభాలు పెంచమంటే కష్టం గానీ, కొయ్యడానికేముందిలే,” అని కట్టర్ తీశాడు.

బోర్డులు మోకాలెత్తుకు దిగాయి. రెండువైపులా రాశాం. పేర్లు చిన్నవి చేసి అంకెలు పెద్దవి చేశాను. ఒక్కో భాగానికి ఒక్కో రంగు పట్టీ వేశాను. హమద్ ఉన్న భాగానికి ఏ రంగు వేయమంటావని ఆమెనే అడిగాను.

“పసుపు వెయ్యి. దూరానికి కూడా కనిపిస్తుంది.” అంటూనే నవ్వింది. “హమద్‌కు పసుపంటే పడదు. చిన్నప్పుడు పసుపు చొక్కా వేస్తే ఏడ్చి గోల చేసేవాడు. నువ్వు వెయ్యి, వాడికి నేను చెప్పుకుంటాను.”

రంజాన్ నెలంతా ఆ పనే. ఉపవాసం ఉన్నవాళ్ళ ఎదుట నీళ్ళు తాగకూడదని మేమిద్దరం వ్యాన్ వెనక్కి వెళ్ళి తాగేవాళ్ళం. సాయంత్రాలు ఉమ్ హమద్ డ్రైవర్‌తో ఖర్జూరాలు, మజ్జిగ పంపేది. “ఆయమ్మ మనకూ ఉపవాసం లెక్క కడతాంది,” అని ఓబులేసన్న సంబరంగా తినేవాడు.

పండగ పొద్దున మాకు సెలవే. అయినా ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కొత్త బట్టలు, అత్తరు వాసన, పిల్లల అరుపులు. ఉమ్ హమద్ చేతికర్ర పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళింది. యూసుఫ్ మా పక్కన నిలబడి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

చాలాసేపైంది. ఆమె రాలేదు. ఆమె గెలవాలని ఎంత కోరుకున్నానో అప్పుడు తెలిసింది.

“యల్లా, వెళ్ళి వెతుకుదాం,” అన్నాడు యూసుఫ్.

“ఇంకాస్త ఆగండి సార్,” అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు.

ముందుగా ఓబులేసన్నకు కనిపించింది. “అదిగో,” అని నా భుజం చరిచాడు.

వరసల మధ్య నుంచి ఆమె వస్తోంది. తల వంచుకునే నడుస్తోంది. ప్రతి బోర్డు దగ్గరా ఆగి, కర్రతో దాన్ని తట్టి, అంకె గట్టిగా చదువుతోంది. ఆమె వెనక నల్లటి అబాయాలు వేసుకున్న ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆమె కర్ర ఎక్కడ తడితే వాళ్ళూ అక్కడ వంగి చూస్తున్నారు. దారి తెలియనివాళ్ళను ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ బిడ్డల దగ్గరికి చేర్చి, మళ్ళీ అందరినీ వెంటబెట్టుకుని వస్తోందని తర్వాత తెలిసింది. అందుకే ఆలస్యం.

గేటు దగ్గరికి వచ్చి యూసుఫ్‌ను చూసి ఆశ్చర్యపోయింది.

“నువ్వింకా ఇక్కడే ఉన్నావా? ఇంటికి చుట్టాలు వస్తారు కదా.”

యూసుఫ్ తల్లి నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. నవ్వుతున్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయి. తర్వాత మా ఇద్దరి చేతులు పట్టుకుని, “భోజనం మా ఇంట్లో,” అన్నాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళ పెద్ద పళ్ళెం చుట్టూ అందరితో కలిసి కూర్చున్నాం. ఓబులేసన్న మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత కువైట్‌లో చాలా ఏళ్ళు బోర్డులు రాశాను. ఒక ఆసుపత్రి పనికి వెళ్ళినప్పుడు ముందుగా చక్రాల కుర్చీ అడిగి కూర్చున్నాను. ఓబులేసన్న వరండాలన్నీ తోసుకుంటూ తిప్పాడు, నర్సులు మమ్మల్ని చూసి నవ్వారు. ఒక బడి పనికి వెళ్ళినప్పుడు గొంతుక్కూర్చుని గోడలు కొలిచాను. చదివేవాళ్ళు ఎలా నడుస్తారో, చూపు ఎక్కడ పెడతారో తెలుసుకున్నాకే బ్రష్ తడుపుతాను. ఈ పనిలో నాకు గురువులు ఇద్దరు ముగ్గురున్నారు. అందులో ఒకరికి చదువు రాదు.