చూసినావా, విన్నావా అని అడిగే అత్త

అత్త పోయిందన్న సంగతి పోయిన నెల రేణిగుంట స్టేషన్లో తెలిసింది. చెప్పినాయన వాళ్ళ వీధిలోనే ఉంటాడు. నాకు దుఃఖం కంటే ముందు అనుమానం వచ్చింది. "చూసినావా, విన్నావా?" అని అడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు. "సావు గురించి ఎవురన్నా అబద్ధం చెప్తారామ్మా? సూసే వస్తా ఉండాను" అన్నాడు. ఆ ప్రశ్న నాది కాదు, అత్తది. ఏ కబురు తెచ్చినా, పాలు విరిగాయన్నా, ప్రభుత్వం పడిపోయిందన్నా ఆమె ముందు అడిగేది అదే. ఇక ఆ మాట ఆమె నోట వినబోనని తెలిసి అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను.

ఆమె నాకు చుట్టం కాదు, మా ప్రొఫెసరుగారి భార్య. తిరుపతిలో భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకు ఉండేదాన్ని. అత్తా అని పిలవమన్నది ఆమే. పుట్టింటివాళ్ళది చిత్తూరులో బెల్లం మండీ. "పైన బంగారం మాదిరి మెరిసే దిమ్మెను పగలగొట్టి సూడాల పాపా. మా నాయన నేర్పిన సదువు అదే" అనేది. పాలవాడి ఎదురుగానే పాలచుక్కను గోటి మీద వేసుకుని చూసేది. తాగేనీళ్ళ బిందె మూతికి తెల్లగుడ్డ కట్టి, తనకొక్కదానికే విప్పడం తెలిసిన ముడి వేసేది. నా జ్వరాన్ని కూడా ఆమె థర్మామీటరు చెబితే నమ్మలేదు. తన చేత్తో పట్టి చూసి, అప్పుడు నా దగ్గర కూర్చుంది. తెల్లారేదాకా లేవలేదు.

అలాంటి మనిషికి మా డిపార్ట్‌మెంటు విదేశీ అతిథుల వినోద కార్యక్రమం అప్పగించింది. ఘాట్ రోడ్డులో కొండ చరియల్ని చూడటానికి దేశదేశాల శాస్త్రవేత్తలు కాన్ఫరెన్సుకు వచ్చారు. పగలంతా వాళ్ళు హాల్లో స్లైడ్లు వేసుకుంటుంటే, వెంట వచ్చిన భార్యలకు ఊళ్ళు చూపించాలి, భోజనాలు పెట్టాలి. పెత్తనం అత్తది, దుబాసీని నేను. అత్తకు ఇంగ్లీషు బాగానే అర్థమయ్యేది, కానీ ఆ భాష మీద నమ్మకం లేదు. "నవ్వుకుంటానే ఏమైనా చెప్పేయొచ్చు గదా ఆ బాసలో" అనేది.

మొదటిరోజు విందులో ప్రతి వంటకమూ ముందు తాను తిని, కాసేపు ఊరుకుని, తనకేమీ కాలేదని తేలాకే వడ్డించనిచ్చింది. ఆలోపు అతిథులు చెంచాలు పట్టుకుని ఎదురుచూశారు. శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డలు చూపించేటప్పుడు చేతిరుమాలు తడిపి రంగు దిగుతుందేమోనని రుద్దింది. అది ఇక్కడి మర్యాద అనుకుని వచ్చినవాళ్ళందరూ తమ రుమాళ్ళు తీసి రుద్దడం మొదలుపెట్టారు. కలంకారీవాళ్ళు తలలు పట్టుకున్నారు.

అతిథుల్లో ఒక పొడుగామె ఉండేది. మెడలో కెమెరా, కనిపించినదల్లా ఫొటో తీసేది. శ్రీహరికోట ఇక్కడికి ఎంత దూరమని ఒకసారి ఊరికే అడిగింది. అంతే, అత్త నన్ను పక్కకు లాగింది.

"రాకెట్ల సంగతి ఈమెకెందుకు పాపా? మొగుడు రాళ్ళ కోసం వచ్చినాడు సరే. ఈమె ఎవురి కోసం వచ్చింది?"

"ఊరికే అడిగింది అత్తా."

"ఊరికే అడిగేదాన్నే జాస్తి కనిపెట్టుకోవాల."

అందరికంటే ఎక్కువగా ఆమె కనిపెట్టింది వ్యాను డ్రైవర్ని. వడమాలపేట మనిషి, మాట తక్కువ. అత్త రోజూ అతని వెనక సీట్లోనే కూర్చుని, ఎదురుగా అద్దంలో అతని కళ్ళు మూతలు పడుతున్నాయేమో చూసేది. అతను టీ తాగడానికి ఆగితే, ఆ కొట్టు దగ్గరే ఎందుకు ఆగావని అడిగేది. అతను చిరాకు పడకుండా ప్రతిసారీ జవాబు చెప్పేవాడు.

చంద్రగిరి కోట చూసినరోజు అక్కడే చెట్ల కింద భోజనాలు. పొడుగామె పులిహోర చేత్తో తింటానని సరదా పడి, పెళ్ళి ఉంగరం తీసి సంచిలో వేసి, సంచి వ్యానులో పెట్టి వచ్చింది. తిరిగి చూసుకుంటే ఉంగరం లేదు. వ్యాను దగ్గర ఉన్నది డ్రైవరే. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు, ముఖం మాత్రం పాలిపోయింది. మధ్యాహ్నం మాతోపాటు భోజనం చేసిపోయిన కాన్ఫరెన్సు సెక్రటరీ సాయంత్రానికి మళ్ళీ వచ్చాడు, వ్యాను ఓనరు వచ్చాడు. ఉంగరం తేలకపోతే ఇక స్టీరింగు పట్టుకోనివ్వనని ఓనరు చెప్పేశాడు. పెళ్ళాం బిడ్డలున్నవాడు, చేతిలో ఉన్న విద్య అదొక్కటే. దొంగ అన్న పేరు పడితే తిరుపతిలో మరెవరూ బండి ఇవ్వరు.

అప్పుడు సెక్రటరీ మా జిల్లావాడికి మాత్రమే తట్టే ఉపాయం చెప్పాడు. "రేపటి ప్రోగ్రాం ఎట్లాగూ కాణిపాకమే గదా. ఆడ ప్రమాణం చెయ్యమందాం. దొంగైతే వెనక్కి తగ్గుతాడు." మా వైపు పొలం గట్టు తగాదా అయినా, పోయిన గొడ్డయినా కాణిపాకంలో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే తీరిపోయినట్టే. అందుకే ఆ మాట అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. డ్రైవరు కూడా "చేస్తాను సార్" అన్నాడు. అత్త మాత్రం అతన్నే తేరిపార చూసింది. ఆమెకూ అతని మీదే అనుమానమని నేననుకున్నాను.

మర్నాడు కాణిపాకంలో అతిథులు కోనేటి మెట్ల మీద వరసగా నిలబడి కెమెరాలు సర్దుకున్నారు. ఇదేమిటని అడిగితే స్థానిక ఆచారమని చెప్పమన్నాడు సెక్రటరీ. అదీ కార్యక్రమంలో భాగమేననుకున్నారు వాళ్ళు. డ్రైవరు చొక్కా విప్పి మడిచి మెట్టు మీద పెట్టాడు. ఒకామె అతన్ని కొంచెం పక్కకు తిరగమని సైగ చేసింది, ఫొటో బాగా వస్తుందని. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆగప్పా" అన్నది అత్త. డ్రైవరు ఆగాడు. "నిన్న ఆ సంచి కాడికి ఎవురెవురు పోయినారు? నీళ్ళ బిందె కోసం నేను పోయినాను. విస్తరాకుల కోసం ఈ పాప పోయింది. సెక్రటరీ సారు సిగరెట్టు పెట్టె కోసం పోయినాడు. మునిగితే అందరం మునుగుదాం."

"మీ మీద ఎవరికి అనుమానం మేడమ్?" అన్నాడు సెక్రటరీ.

"ఎందుకు లేదు? నాకు ఇతని మీద ఉండాది, నీ మీదా ఉండాది. ఒక్కని మీదే పెడితే దాన్ని అనుమానం అనరు సారూ, శిక్ష అంటారు."

అని, కట్టుకున్న పట్టుచీరతోనే నీళ్ళలోకి దిగింది. ఆమె వెనకే నేనూ, డ్రైవరూ దిగాం. సెక్రటరీ గడియారం చూసుకున్నాడు, హాల్లో పనుందన్నాడు, వెళ్ళిపోయాడు. ఏం జరుగుతోందని పొడుగామె అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కెమెరాకు మూత పెట్టి, చెప్పులు విడిచి, చివరి మెట్టు దాకా వచ్చి నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడింది. అత్త నా చెవిలో, "మంచిదాని మాదిరే ఉండాది. అయినా రాకెట్ల సంగతి ఎందుకు అడిగిందో" అన్నది.

ముగ్గురం తడిబట్టలతో లోపలికి వెళ్ళి ప్రమాణం చేశాం. ఉంగరం దొరకలేదు. ఓనరు మళ్ళీ నసిగితే, "ముగ్గురం ప్రమాణం చేసినాం. వాన్ని తీసేస్తే మమ్మల్ని గూడా ఊళ్ళోనుంచి తీసెయ్యాల" అని అత్త నోరు మూయించింది. డ్రైవరు పని నిలిచింది. ఆ రోజు తిరుగు దారిలో కూడా ఆమె చీర కొంగు పిండుకుంటూ అతని వెనక సీట్లోనే కూర్చుని అద్దంలో చూస్తూ వచ్చింది.

ఆ తర్వాత అతను వాళ్ళ వీధిగుండా పోయినప్పుడల్లా వ్యాను ఆపి గేటు దగ్గర నిలబడేవాడు. "దొరికిందామ్మా?" అనేవాడు. "ఇంకా లేదప్పా. నా మీద గూడా అనుమానం అట్లే ఉండాది" అని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపేది. ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య ఇవే మాటలు. ఆమె నిజంగా ఎవర్ని అనుమానించిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగితే, "నువ్వు గూడా మునిగినావు గదా, నీకేం తెలుసో నువ్వు చెప్పు" అనేది. లోకాన్ని నమ్మకుండానే లోకానికి అన్యాయం చెయ్యకుండా బతకవచ్చని నాకు చూపించింది ఆమె. అందుకు ఆమెకు ఎంతగానో రుణపడి ఉన్నాను.

స్టేషన్ నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి అంతా అయిపోయింది. వసారాలో బిందె మూతికి ఆమె వేసిన ముడి అలాగే ఉంది, విప్పడం ఎవరికీ చేతకాలేదు. గేటు దగ్గర డ్రైవరు నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఇంక నేను ఒక్కన్నే మిగిలినాను గదమ్మా" అన్నాడు.

"నేను లేనా అప్పా? నా మీదా అనుమానం అట్లే ఉండాది" అన్నాను.

లోపలి నుంచి ఎవరో గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. అతను గ్లాసును వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు తాగాడు.